వేటమాంసము - ఇంటిపద్దు

గోదావరి జిల్లాలకు చెందిన మిత్రుడొకరు కొన్నేండ్ల క్రిందట మా యింట విందారగించుచు, "వేటమాంసము చాల బాగున్నదండీ" అని మెచ్చుకొనినప్పుడు మా యింటివారు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. వేట యెక్కడిది? వేటాడినవారెవరు? అది అంగడినుండి కిలోల లెక్కన తూచి తెచ్చిన పొట్టేలు మాంసమే గదా! కోస్తా జిల్లాలలో వేట యనగా మేకయో, పొట్టేలో అనియు, వేటమాంసమనగా అంగడి మాంసమే యనియు ఆయన నవ్వుచు వివరించిరి. మా ప్రాంతమున యాటకూర యనుమాట నిత్యము వినుచున్నను, ఆ రెండు మాటలు ఇంత దగ్గరివని మాకును అంతవరకు తట్టలేదు. సంస్కృతమున 'మృగ' ధాతువునకు వెదకుట యని అర్థము. వెదకబడునది గావున జింక మృగమైనది. ఆంగ్లమున జింకమాంసమును వెనిజన్ అందురు; దాని మూలము వేటాడుట యను అర్థముగల లాటిను మాట. ఒకప్పుడు ఆ మాట వేటలో దొరకిన ఏ జంతువు మాంసమునకైనను చెల్లెడిది. ఉర్దూలో శికార్ అన్నను అంతే. వేటాడు పనియు శికారే, పడిన జంతువును శికారే. మాంసమునకును వేటకును గల సంబంధము భాషలలో ఇంత దట్టముగ అల్లుకొని యుండగా, వేటాడి తెచ్చిన మాంసము ఊరక వచ్చినదే యను భావము జనుల మనస్సులలో నాటుకొనుట వింతగాదు.

ఈ విషయము ఇప్పుడు చర్చించుటకు ఒక కారణము కలదు. మా కళాశాలలో డిగ్రీ చదివి, పిమ్మట అమెరికా చేరి, పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక చిన్న పట్టణమున భార్యతో, ఇద్దరు బిడ్డలతో కాపురముండు పూర్వవిద్యార్థి యొకడు గడచిన సంవత్సరము మాకు దీర్ఘమైన లేఖ వ్రాసినాడు. అతడు పనిచేయు చోట వేళలు తగ్గించిరి. జీతమును ఆ మేరకు తగ్గినది. ఇంటిఖర్చు ఏ వైపునుండి తగ్గింతుమా యని భార్యాభర్తలు లెక్కించుకొనుచుండగా, పొరుగింటి అమెరికను ఒకడు తన డీప్ ఫ్రీజరు మూత యెత్తి చూపినాడట. అందు రెండు జింకల మాంసము పొట్లములుగా పేర్చియున్నది. "చలికాలమంతయు మేము మాంసమునకు పైసా ఖర్చు పెట్టము" అని అతడు చెప్పినాడు. మా విద్యార్థి మనసు లాగినది. భార్య మాత్రము, "తుపాకి ఊరక ఇచ్చుచున్నారా?" అని యొక్క ప్రశ్న వేసి ఊరకుండెనట. "సార్, మీరు మాకు తెలుగు చెప్పినవారే గాని లెక్కలు చెప్పలేదు. అయినను ఈ తగవు మీరే తీర్చవలెను" అని వ్రాసి, తాను విచారించిన ధరలన్నియు లేఖతో జతపరచినాడు. అతని ప్రశ్నలు రెండు. ఒకటి దీనుకు సంబంధించినది, రెండవది దీనారుకు సంబంధించినది. మొదటిదానికి మేము అర్హులము గాము. అక్కడి ఆలిములనే అడుగుమని వ్రాసితిమి. రెండవదానిని వాణిజ్యశాఖలోని మా సహోద్యోగి సాయముతో, బి.కాం. విద్యార్థులు కొందరిని కూర్చుండబెట్టుకొని విచారించితిమి. ఆ విచారణయే ఈ వ్యాసము.

ముందుగా అక్కడి ఏర్పాటు కొంత తెలిసికొనవలెను. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో వేట యొక వ్యాపారము. అడవిలో కొట్టిన జింకలను, పక్షులను రైళ్లపై నగరముల అంగళ్లకు చేర్చి అమ్ముచుండిరి. ఆకాశమును క్రమ్మునంత గుంపులుగా ఎగిరిన ప్యాసెంజరు పావురములు ఈ విధముగనే తరిగి, తరిగి, చివరి పక్షి 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చచ్చినది. తెల్లతోక జింకయు అదే దారి పట్టియుండెడిది. 1900 నాటికి ఆ దేశమంతట అయిదు లక్షలకు మించి మిగులలేదని అంచనా. చట్టవిరుద్ధముగా చంపిన జంతువులను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరలించి అమ్ముటను నిషేధించు లేసీ చట్టము ఆ 1900లోనే వచ్చినది. క్రమక్రమముగ రాష్ట్రములన్నియు అడవి జింక మాంసమును అమ్ముటను మాన్పించి, వేటకు ఋతువులను, లెక్కను నిర్ణయించినవి. 1937లో చేసిన మరియొక చట్టము ప్రకారము రైఫిళ్లపైనను, తూటాలపైనను నూటికి 11 వంతున పన్ను వసూలు చేసి ఆ ధనమును వన్యప్రాణుల పోషణకే వెచ్చింతురు. నేడు అక్కడ సుమారు మూడుకోట్ల జింకలు కలవు. పొలములలో పంటలు మేయును, రహదారులపై కారులకు అడ్డుపడును.

ఇందులో మన లెక్కకు ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. అడవి జింక మాంసమును కొనరాదు, అమ్మరాదు. హోటళ్లలో వడ్డించునది పెంపకపు జింకల మాంసము. అందు చాల భాగము న్యూజీలండునుండి వచ్చును. కనుక వేటగాని ఫ్రీజరులోని మాంసమునకు అంగడి ధర యనునది లేదు. ధర లేని వస్తువును జమకట్టుట యెట్లు? మా వాణిజ్యశాఖ మిత్రుడు మొదటనే ఈ చిక్కు ఎత్తిచూపెను. ఎవరికి తోచిన ధర వారు వేసికొనవచ్చును. పెంపకపు జింక మాంసము ధర వేసినచో వేటగాడు ధనవంతుడగును, కోడిమాంసము ధర వేసినచో దివాలా తీయును.

ఖర్చు వైపు మాత్రము స్పష్టముగ నున్నది. మా విద్యార్థి పంపిన పట్టిక ఇట్లున్నది. దూరదర్శినితో కూడిన రైఫిలు 550 డాలర్లు. ఆ రాష్ట్రమున తుపాకి వేటకు పోవువారు దూరమునకు కనబడునట్లు నారింజరంగు దుస్తులు ధరించుట చట్టము. అవియు, మంచులో నడచుటకు బూట్లు, ఉన్నిబట్టలు కలిసి 180. కత్తి, త్రాడు మొదలగు చిల్లర సామాను 50. లైసెన్సు 20 డాలర్ల 97 సెంట్లు. ఆడజింకకు వేరు చీటీ 6 డాలర్ల 97 సెంట్లు. రెండును కలిపి 28 అనుకొందము. గురి నేర్చుకొనుటకు, వేటకు కలిపి తూటాలు 70. ఎనిమిది దినములు అడవికి పోయివచ్చుటకు పెట్రోలు 120. జింకను కోసి, ముక్కలు చేసి, పొట్లములు కట్టి యిచ్చు కసాయికి 130. ఫ్రీజరు 250. మొత్తము 1,378 డాలర్లు. ఇందు విద్యుచ్ఛక్తి లేదేమని మా విద్యార్థిని యొకతె అడుగగా, మరల వ్రాసి తెలిసికొంటిమి. ఏటికి 30 డాలర్లు. వెరసి 1,408.

జింక పడినదనుకొందము. నూటయేబది పౌనుల జింకయైనను పేగులు, తోలు, తల, ఎముకలు పోగా మిగులు మెత్తని మాంసము ఏబది పౌనులు, అనగా ఇరువదిరెండు ఇరువదిమూడు కిలోలు మాత్రమే. గుండు తగిలిన చోట రక్తము గడ్డకట్టిన మాంసమును పారవేయవలెను. సీసపు గుండు చిన్న చిన్న తునకలై చుట్టుప్రక్కల వ్యాపించును గావున మరికొంత కోసివేయుట మంచిదని అక్కడి వైద్యులు చెప్పుదురు. ఏబది పౌనులే యని వేసినను మొదటి ఏట పౌను మాంసము 28 డాలర్లు పడినది. 2023లో అక్కడ అంగడిలో కొట్టిన గొడ్డుమాంసము సగటున 5 డాలర్ల పైచిలుకు. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట యనగా ఇదియే యని మా విద్యార్థులు నవ్విరి.

కాని ఆ నవ్వు న్యాయమైనది కాదు. రైఫిలు ఒక్క ఏటితో పోవునది కాదు; తండ్రి రైఫిలుతో కొడుకు, తాత రైఫిలుతో మనుమడు వేటాడుచున్న ఇండ్లు ఆ దేశమున పెక్కు. కనుక తుపాకి, దుస్తులు, సామాను, ఫ్రీజరు కలిసి 1,030 డాలర్లను ఇరువదియేండ్లకు పంచితిమి. ఏటికి 51 డాలర్ల 50 సెంట్లు. తూటాలు తరువాతి ఏండ్లలో 35 చాలును. లైసెన్సు 28, పెట్రోలు 120, కరెంటు 30. జింక పడినను పడకపోయినను ఏటికి 264 డాలర్ల 50 సెంట్లు పోవును. ఒక జింక పడి కసాయికిచ్చినచో పౌను 7 డాలర్ల 89 సెంట్లు. రెండు పడినచో 5 డాలర్ల 25 సెంట్లు. కసాయికీయక ఇంటనే కోసికొనగలిగినచో, ఒక జింకకు 5 డాలర్ల 29 సెంట్లు; రెంటికి 2 డాలర్ల 65 సెంట్లు. ఒక ఏడు ఒకటి పడి, రెండవ ఏడు వట్టిచేతులతో వచ్చి, మూడవ ఏడు రెండు పడినచో? మూడేండ్ల ఖర్చును మూడు జింకలకు పంచిన మరల 7 డాలర్ల 89 సెంట్లే తేలినది. మంచి ఏటిని గుర్తుంచుకొని వట్టి ఏటిని మరచుట వేటగాండ్ర స్వభావము; పద్దు పుస్తకమునకు ఆ స్వభావము లేదు.

ఈ అంకెలను చూచిన కొలది ఒక విషయము తేటపడినది. తుపాకి ధరకన్న కసాయి కూలియు, పెట్రోలును బరువైనవి. ఇంటి వెనుకనే అడవి యుండి, కత్తి పట్టుట తెలిసి, పాత తుపాకి చేతనుండి, ఏటికి రెండు జింకలు కొట్టగలవానికి వేట నిజముగ చౌకయే. పొరుగింటివాడు అట్టివాడే. అతడు చెప్పినది అబద్ధము కాదు. కాని అతని తండ్రి తాతలు కట్టిన పెట్టుబడిని, చిన్ననాటనుండి నేర్చిన విద్యను అతడు లెక్కలో వేయలేదు. మన గ్రామములలో సొంత పొలముగల రైతు, "బియ్యము మాకు కొనే పని లేదు" అనుటయు ఇట్టిదే. కొత్తగా పొలము కొని ఆ మాట అనగలవాడెవడు?

రెండవ సంగతి, దేనితో పోల్చుచున్నాము అనునది. పొరుగింటివాడు మానుకొన్నది అయిదు డాలర్ల గొడ్డుమాంసము. మా విద్యార్థి మానుకొనునది అది కాదు. అతని ఊరిలో హలాల్ అంగడి లేదు. అరువది మైళ్ల దూరమున నున్నది. అచ్చట గొడ్డుమాంసము పౌను 8, మేకమాంసము 12 డాలర్లు అని వ్రాసినాడు. ఆ ధరలతో పోల్చినప్పుడు 7 డాలర్ల 89 సెంట్ల జింకమాంసము గొడ్డుమాంసముకన్న తీసిపోదు, మేకమాంసముకన్న చాల మేలు. ఇక్కడ మా విద్యార్థులలో రెండు పక్షములు ఏర్పడినవి. మేము ఆ రెండు పక్షములకును ఒక ప్రశ్న వేసితిమి: జీతము తగ్గిన ఇంటివారు ఏడాదికి ఏబది పౌనుల మేకమాంసము కొని తినుచుండిరా? లేదు. వారు కొనుచుండినది చాలవరకు కోడిమాంసము, పప్పు, కోడిగ్రుడ్లు. పన్నెండు డాలర్ల మాంసము ఏడు డాలర్ల ఎనుబది తొమ్మిది సెంట్లకు వచ్చినదని సంతోషించి తినుట ఆదా కాదు; మూడు డాలర్ల కోడిమాంసమునకు మారుగ దానిని తినినచో అది నష్టమే. ఇంట ఏ వస్తువు కొనుట మానిరో దాని ధరయే జమ. మానని వస్తువు ధర జమగాదు.

కాలమునకు వెల కట్టవలెనా యను వాదము ఒక మధ్యాహ్నమంత నడచినది. ఎనిమిది దినములు, దినమునకు ఎనిమిది గంటలు, అరువదినాలుగు గంటలు. గంటకు ఇరువది డాలర్లు కూలి వేసినచో 1,280 డాలర్లు. దానితో వేట యను మాట యెత్తవలసిన పని లేదు. వాణిజ్యశాఖ మిత్రుడు కాలమును వేయక విడుచుట లెక్క కాదనిరి. మేము ఒప్పుకొనలేదు. ఆ గంటలలో కూలి దొరకుచుండగా దానిని విడిచి అడవికి పోయినవానికి అది ఖర్చు. పని వేళలే తగ్గి ఇంట కూర్చున్నవానికి ఆ గంటలను కొనువారెవరు? అతని కాలమునకు వెల పడిపోయినందువలననే గదా ఈ ఆలోచన పుట్టినది. అయినను, భార్య ఆ ఎనిమిది దినములు బిడ్డలను ఒంటరిగ చూచుకొనును. ఆ గంటలను ఎవరును పట్టికలో వ్రాయలేదు. మా విద్యార్థినులే ఆ సంగతి ఎత్తిరి. మాకు తట్టనందుకు కొంత సిగ్గుపడితిమి.

దీనును దీనారును వేరుచేసితిమని ముందు వ్రాసితిమి. అవి వేరుగా నిలువలేదు. ఖుర్ఆన్ అయిదవ అధ్యాయమున శిక్షణ పొందిన జంతువులతో వేటాడుట అనుమతింపబడినది. హజ్ దీక్షలో ఉన్నవారికి భూమిపై వేట నిషిద్ధము. అల్లాహ్ పేరు తలచి విడిచిన బాణపు మొన చొచ్చి చచ్చిన జంతువు తినదగినదనుటలో భేదము లేదు. తుపాకి గుండు విషయమున మాత్రము ధర్మశాస్త్రజ్ఞులలో భేదము కలదు. గుండు కోయదు, దెబ్బకొట్టి చంపును గావున, ప్రాణముండగ చేరి జిబహ్ చేసిననే హలాల్ అని హనఫీ పండితులలో పెక్కుమంది చెప్పుదురు. గుండును బాణమువంటిదేయని అనుమతించువారును కలరు. మేము ముఫ్తీలము గాము గావున ఇంతకుమించి చెప్పము. కాని లెక్క చూచువారికి ఇందలి భావము స్పష్టమే. మొదటి మతమును అనుసరించు ఇంటికి, గుండు దెబ్బకు వెంటనే కూలిన జింక జింకయే కాదు, పట్టికలో శూన్యము. నూరు గజముల దూరమున పడిన జింకకు ప్రాణమున్నంతలో పరుగెత్తి చేరుట యెన్నిమారులు సాధ్యము? మంచి వేటగాడు ఒక్క గుండుతోనే ప్రాణము పోవునట్లు గురిచూచును. అది జంతువునకును మేలు. కనుక ఈ ఇంట గురి కుదిరిన కొలది మాంసము తగ్గును!

మా విద్యార్థిని అక్కడి ఇమాముగారు హనఫీ మతము ప్రకారమే నడువుమనిరి. దానితో అతడు రైఫిలు మాట విడిచి విల్లు మాట యెత్తినాడు. పెన్సిల్వేనియాలో విల్లంబుల వేటకు వేరు ఋతువు కలదు. అది తుపాకి వేటకన్న ముందుగ, శరత్కాలమున మొదలగును. తుపాకి వేట 2019 నుండి, నవంబరు నాల్గవ గురువారపు థాంక్స్ గివింగ్ పండుగ తరువాతి శనివారము ప్రారంభమగుచున్నది. ఆ చుట్టుపట్ల బడులకు సెలవులిచ్చు ఊళ్లును కలవు. విల్లువాడు ఇరువది ముప్పది గజముల దూరమునకు జింక వచ్చువరకు చెట్టుపై కదలక కూర్చుండవలెను. అమ్ములు తిరిగి దొరకును గావున తూటాల ఖర్చు లేదు. సాధనకు మాత్రము నెలలు పట్టును. తినువారికి మరియొక జాగ్రత్త కలదు. జింకలను క్రుంగదీసి చంపు ఒక మెదడు రోగము 1967లో కొలరాడోలో మొదట కనబడినది. 2012లో పెన్సిల్వేనియాలోనికి వచ్చినది. మనుష్యులకు సోకినట్లు రుజువు లేదు గాని, రోగమున్నదని తేలిన జింకను తినవలదని అధికారుల సలహా. అప్పుడు ఏబది పౌనులును గోతిలోనికి పోవును.

ఆ దేశపు ప్రభుత్వము 2016లో జరిపిన సర్వే ప్రకారము, వేటగాండ్రు ఒక కోటి పదునైదు లక్షలమంది, ఆ యేటి వేట ఖర్చు 2,620 కోట్ల డాలర్లు. భాగించి చూచితిమి, తలకు సుమారు 2,280 డాలర్లు. ఇందు బండ్లు, ప్రయాణములు, భూముల కౌళ్లు అన్నియు చేరియున్నవి. కూరగాయల ఖర్చు తగ్గించుకొనుటకై ఎవరును ఇంత వెచ్చింపరు. వారు వెచ్చించునది అడవికొరకు, తోడివారికొరకు, తండ్రి జ్ఞాపకముకొరకు; ఇంటిలో చెప్పునది మాంసముకొరకని.

ఈ మాట వ్రాయుటకు మాకు హక్కు కలదు. మా దాదా నిజాం రాజ్యమున గిర్దావరుగా పనిచేసిరి. నల్లమల అంచు గ్రామములలో చాలకాలము గడపిరి. రెండు గొట్టముల తుపాకి యుండెడిది. "మీ దాదా ఉన్నన్నాళ్లు ఇంట గోష్తుకు కొదువ లేదు, బజారు ముఖము చూడలేదు" అని మా యింట పెద్దలందరు చెప్పుచుండగా వింటిమి. ఆయన ఉర్దూలో వ్రాసికొన్న ఇంటిపద్దుల పుస్తకములలో ఫస్లీ 1350, అనగా 1940-41 సంవత్సరముది ఒకటి మా యొద్ద మిగిలియున్నది. విద్యార్థి లేఖ వచ్చిన పిమ్మట దానిని తీసి చూచితిమి. హాలీ సిక్కాలలో, అణాపైసలతో సహా వ్రాసియున్నారు. శికారు తేదీల ప్రక్కన చిన్న గుర్తులు పెట్టియున్నారు. మేము నెల నెలకు గోష్తు ఖర్చును ప్రక్కప్రక్కన వ్రాసి చూచితిమి. శికారు నెలలలో బజారు గోష్తు ఖర్చు తగ్గలేదు. రెండు నెలలలో హెచ్చినది.

మొదట మా లెక్కయే తప్పేమో యనుకొంటిమి. పిమ్మట మా దాదీ చెప్పిన సంగతులు ఒక్కొక్కటిగ జ్ఞాపకము వచ్చినవి. శికారుకు దాదా ఒక్కరే పోరు. తహసీలు కచేరీనుండి స్నేహితులు వత్తురు. వారికి ముందునాటి రాత్రి భోజనము, మరునాటి ఉదయము భోజనము. బండ్లవారికి, త్రోవ చూపిన చెంచులకు కూలియు, మాంసములో భాగమును. జింక ఇల్లు చేరినంతనే దాదీ పళ్లెములు పరచి వాటాలు వేసెడిది. పటేలు ఇంటికి, మసీదు ముల్లా యింటికి, చాకలికి, మంగలికి, తాను పుట్టిన ఊరికి. పదునారు పళ్లెములు పోయిన పిమ్మట ఇంట మిగిలినది ఒక పూట కూర. మంచుపెట్టె లేని కాలము. ఎండవేళ మరునాటికి మాంసము నిలువదు. కొంత ఉప్పు పెట్టి ఎండబెట్టెడివారు, అంతే. పంచనిచో పాడగును, పంచినచో పేరు వచ్చును. ఆ పళ్లెములు వట్టివిగ తిరిగి రావు. ఒకరి యింటినుండి బెల్లము, ఒకరి యింటినుండి కందులు, మామిడికాయలు. పద్దు పుస్తకమున వాని జాడ లేదు. ఏలయన వానికి వెల లేదు. ఇప్పుడు తలచుకొనిన, దాదీ ఆ సంగతులు చెప్పునప్పుడు మాంసము రుచిని గురించి ఎన్నడును చెప్పలేదు. ఏ పళ్లెము ఎవరింటికి పోయెనో అది మాత్రము వరుసగ చెప్పెడిది.

పెన్సిల్వేనియా వేటగానిని ఆదా చేయువానిగ నిలుపుచున్నది తుపాకి కాదు, ఫ్రీజరు. అది లేనినాడు జింక ఇంటివారి ఆస్తి గాదు, ఊరివారి విందు.

త్రోవ చూపిన చెంచుల విషయమును ఇందు చెప్పవలెను. వేటయే జీవనమని మనము తలచు ఆ జనులను 1940 ప్రాంతమున నల్లమలలో వారి నడుమ నివసించి పరిశీలించిన హైమెన్‌డార్ఫ్ పండితుడు 1943లో వారిని గురించి గ్రంథము ప్రకటించెను. చెంచుల నిత్యాహారము అడవిలో త్రవ్వి తెచ్చు దుంపలు, కాయలు, పండ్లు అనియు, విల్లంబులతో కొట్టిన మాంసము అప్పుడప్పుడు మాత్రమే దొరకునదనియు అందు తేలినది. పూట గడచినది స్త్రీలు కూడ పట్టిన గునపముచేతనే. విల్లు పేరు తెచ్చెను. మన ప్రాచీనులు సప్తవ్యసనములలో వేటను చేర్చి, అదే జాబితాలో ధనమును వృథాచేయు అర్థదూషణమును గూడ నిలిపిరి. ఒకే వరుసలో రెంటిని చూచి కూడ ఇన్నాళ్లు తరగతిలో మేము వానిని వేరువేరుగ బోధించుచు వచ్చితిమి.

మన దేశమున ఈ ప్రశ్నకు నేడు తావు లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. దానిలో మొదట మిగిలియుండిన వేట లైసెన్సుల ఏర్పాటు 1991 సవరణతో తొలగినది. వేటాడబడిన వన్యమృగము ప్రభుత్వపు ఆస్తి. కృష్ణజింకవంటి గట్టి రక్షణగల మృగమును చంపినవారికి మూడేండ్లనుండి ఏడేండ్ల వరకు కారాగారము. తక్కువ ధరకు దొరకినదని ఎవరైన అడవిమాంసము తెచ్చి గుమ్మమున నిలిచినచో కొనువారును ఆ చట్టమునకు లోబడినవారేయని విద్యార్థులు గుర్తెరుగవలెను.

ఈ లెక్కలన్నియు మా విద్యార్థికి పంపితిమి. అతడు వానిని తర్జుమా చేసి పొరుగింటివానికి చదివి వినిపించినాడట. అతడు ఓపికగ విని, "నా ట్రక్కును ఎందును వేయలేదే?" అని అడిగి, పిమ్మట తానే తల గోకికొని, ఆ కాగితము తన భార్యకు చూపవలదని కోరెనట. మా విద్యార్థి పాత విల్లొకటి 140 డాలర్లకు కొన్నాడు. పెరటిలో గడ్డిమోపు నిలిపి సాయంకాలములు సాధన చేయుచున్నాడు. పెద్ద కొడుకు అమ్ములు ఏరి తెచ్చును. భార్య ఒక నోటుపుస్తకము తెరచి ఎడమవైపు ఖర్చు, కుడివైపు జమ అని ఉర్దూలో గీత గీసినది. మొన్న వచ్చిన లేఖతో ఆ మొదటి పుట ఛాయాచిత్రము పంపినాడు. విల్లు, అమ్ములు, లైసెన్సు, పెట్రోలు ఎడమవైపు వరుసగ నున్నవి. కుడివైపు ఆ యింటి ఇల్లాలి చేతివ్రాతతో ఒక్క పంక్తి కలదు: అక్టోబరు 19, జింక కనబడినది, దూరము నలుబది గజములు, అమ్ము విడువలేదు.